నూగు మీసం వచ్చిన ఆడపిల్లకు, వాళ్లమ్మకు



ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో ఉండగా చాలామంది ఆడపిల్లల ముఖంలో ఒక చిన్న మార్పు వస్తుంది. పై పెదవి మీద, చెంపల పక్కన, కొందరికి గడ్డం మీద కూడా నూగు నల్లబడుతుంది. అమ్మకంటే ముందు ఆ పిల్లే గమనిస్తుంది. ఒక్కోసారి ఆ పిల్లకంటే ముందు పక్క బెంచీవాళ్లు గమనిస్తారు. ఇక అప్పటినుంచి ఆ పిల్ల ఏమేం మానేస్తుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. గ్రూపు ఫొటోలో వెనక వరసలోకి తప్పుకుంటుంది. కిటికీ వెలుగు ముఖం మీద పడే చోటు వదిలేసి గోడ పక్కకు జరుగుతుంది. మాట్లాడుతుంటే వేళ్లు పెదవి మీదికి పోతాయి. కరోనా రోజుల్లో పెట్టుకున్న మాస్కు అందరూ తీసేశాక కూడా తీయని పిల్లల్ని మా చర్మవ్యాధుల ఓపీలో చూశాను. ఇంట్లో అడిగితే "పదో తరగతి అయ్యాక చూద్దాంలే" అంటారు. పదో తరగతి అయ్యేసరికి రెండు మూడేళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఆ పిల్ల ఎవరి మాట వింటుందో, ఏ క్రీము పూసుకుంటుందో, అదే నా బెంగ.

ఇవాళ ఆ పిల్లలతో, వాళ్లమ్మలతో మాట్లాడాలని వచ్చాను. నాన్నలూ అన్నదమ్ములూ రేడియో కట్టేయకండి. మీకూ ఇందులో పని ఉంది.

ముందు ఒంటి సంగతి. అరచేతులు, అరికాళ్లు, పెదవుల ఎర్రటి భాగం లాంటి కొద్ది చోట్లు వదిలేస్తే మన ఒళ్లంతా వెంట్రుకల కుదుళ్లే. మొత్తం సుమారు 50 లక్షలు ఉంటాయి. అవన్నీ తల్లి కడుపులో ఉండగానే ఏర్పడిపోతాయి, పుట్టాక కొత్తవి రావు. కాబట్టి 12 ఏళ్లకు పై పెదవి మీద కొత్తగా పుట్టుకొచ్చిందేమీ లేదు. మొదటినుంచీ ఉన్న కుదురే ఇన్నాళ్లూ కంటికి ఆనని సన్నటి నూగును ఇచ్చింది, ఇప్పుడు కాస్త లావుగా, నల్లగా ఇస్తోంది. అలా ఇమ్మని చెప్పేవి యాండ్రోజెన్లనే హార్మోన్లు. వీటిని మగ హార్మోన్లని పిలవడం అలవాటైపోయింది, ఆ మాట విని తల్లులు హడలిపోతారు. భయం అక్కర్లేదమ్మా. ఆడపిల్లల అండాశయాల్లోనూ, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల్లోనూ ఇవి సహజంగానే తయారవుతాయి. పెద్దమనిషయ్యే వయసులో చంకల్లో వెంట్రుకలు వచ్చేదీ వీటివల్లే.

అవి రక్తంలో ఎంత ఉన్నాయన్నది ఒక సంగతి. కుదుళ్లు వాటికి ఎంతగా స్పందిస్తాయన్నది మరో సంగతి. రక్తపరీక్షలో ఒకే అంకె వచ్చిన ఇద్దరమ్మాయిల్లో ఒకరికి గడ్డం మీద వెంట్రుకలు ఉండొచ్చు, రెండో అమ్మాయికి అసలు లేకపోవచ్చు. మన దేశంలో, పశ్చిమాసియాలో, మధ్యధరా తీరంలో స్త్రీలకు ముఖం మీద వెంట్రుకలు ఎక్కువ. చైనా, జపాన్ వైపు తక్కువ. అదంతా వంశాన్నిబట్టి వచ్చేది. అమెరికా స్కూళ్లలో చదివే మన తెలుగు పిల్లలు కొందరు బంగారు రంగు జుట్టున్న పిల్లల పక్కన కూర్చుని, తమలోనే ఏదో తేడా ఉందనుకుంటారు. ఆ పక్క పిల్లకూ నూగు ఉంటుంది. రంగు తక్కువ కాబట్టి కనిపించదు, అంతే.

మరి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? పై పెదవి మీద మెత్తటి నూగు మాత్రమే ఉండి, నెలసరి సరిగ్గా వస్తూ, ఇంట్లో అమ్మకో మేనత్తకో ఆ వయసులో అలాగే ఉండి ఉంటే, మామూలుగా ఏ పరీక్షా అక్కర్లేదు. గడ్డం మీద, గొంతు మీద, ఛాతీ మధ్య, బొడ్డు కింద ముతక వెంట్రుకలు వస్తుంటే చూపించాలి. నెలసరి తప్పుతున్నా, ఎంత వైద్యం చేసినా మొటిమలు తగ్గకపోయినా, నడినెత్తిన జుట్టు పలచబడుతున్నా చూపించాలి. కొద్ది నెలల్లోనే వెంట్రుకలు గబగబా పెరిగి, గొంతు కూడా మారి బొంగురుపోతుంటే మాత్రం ఒక్క వారం కూడా ఆగకూడదు. అండాశయంలోనో అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ ఏర్పడినప్పుడు అలా జరుగుతుంది. చాలా అరుదు, కానీ ఆలస్యం చేయదగ్గది కాదు. అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతో వచ్చే స్వల్ప లోపం ఒకటి ఈ వయసులోనే బయటపడుతుంది. పొద్దున్నే రక్తం తీసి చేసే పరీక్షతో దాన్ని పట్టుకోవచ్చు.

ఎక్కువమందిలో కనిపించే కారణం మీరందరూ పేరు విన్నదే, పీసీఓడీ. డాక్టర్లు పీసీఓఎస్ అని రాస్తారు. 1935లో షికాగోలో స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని మొదట వివరంగా రాశారు. పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో 10 నుంచి 13 శాతం మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కన మీ అమ్మాయి తరగతి గదిలోనే ఒకరికో ఇద్దరికో ఉండొచ్చు. ఇందులో ఇన్సులిన్ పాత్ర పెద్దది. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే శరీరం దాన్ని ఇంకా ఎక్కువగా తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల చేత యాండ్రోజెన్లను ఎక్కువగా చేయిస్తుంది. దానికి బయటికి కనిపించే గుర్తు ఒకటుంది. మెడ వెనక, చంకల్లో చర్మం మందంగా, నల్లగా చారలా కనిపిస్తుంది. దాన్ని మట్టి అనుకుని పీచుతో, సున్నిపిండితో రక్తం వచ్చేలా రుద్దే తల్లులు ఎందరో. అమ్మా, అది మురికి కాదు, రుద్దితే పోదు, ఇంకా నల్లబడుతుంది. స్నానం చేయడం రాదని పిల్లను తిట్టకండి. ఆ మెడను డాక్టరుకు చూపించండి, షుగరు పరీక్ష చేయించండి.

ఇంకో మాట కూడా చెప్పి తీరాలి. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లకు కడుపు స్కానింగ్ తీయించి, "అండాశయాల్లో నీటి బుడగలున్నాయట డాక్టర్ గారూ" అని ఏడుస్తూ వస్తారు. ఆ వయసు అండాశయాల్లో ఎదుగుతున్న చిన్న చిన్న అండకోశాలు ఎక్కువగా ఉండటం సహజమే. స్కానింగులో బుడగల్లా కనిపించేవి అవే. అందుకే 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, మొదటి నెలసరి వచ్చాక 8 ఏళ్లు గడిచేదాకా స్కానింగును బట్టి పీసీఓఎస్ అని తేల్చొద్దని స్పష్టంగా చెబుతున్నాయి. ఆ వయసులో చూడాల్సినవి రెండే. నెలసరి క్రమం తప్పిందా, యాండ్రోజెన్లు ఎక్కువైన గుర్తులు ఒంటి మీదో రక్తంలోనో ఉన్నాయా. రెండూ ఉండాలి, వేరే కారణాలు లేవని కూడా తేలాలి. అప్పుడే ఆ పేరు పెట్టాలి.

క్రమం తప్పడమంటే ఏమిటో కూడా వినండి. పెద్దమనిషయిన మొదటి ఏడాది నెలసరి అటూ ఇటూ అవడం మామూలే. ఏడాది దాటి మూడేళ్లలోపు అయితే 21 రోజులకంటే ముందుగానో 45 రోజులు దాటాకో వస్తుంటే లెక్కలోకి తీసుకోవాలి. మూడేళ్లు దాటాక ఆ హద్దు 35 రోజులు. మొదటి ఏడాది తర్వాత ఎప్పుడైనా సరే ఒక్కసారి 90 రోజులు దాటినా చూపించాలి. 15 ఏళ్లు నిండినా మొదలవకపోయినా అంతే. ఇంట్లో గోడకు ఉండే తెలుగు క్యాలెండరు మీద పాల లెక్క రాస్తాం, గ్యాసు బండ ఎప్పుడొచ్చిందో రాస్తాం. పిల్ల నెలసరి తేదీ పక్కన కూడా ఒక చుక్క పెట్టండి. వెయ్యి రూపాయల పరీక్ష చెప్పలేని సంగతి ఆ చుక్కలు చెబుతాయి.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయానికి వస్తాను. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే తెల్లబడే క్రీములు. మన ఇళ్లల్లో పిల్లను ముందు రంగు గురించి అంటారు. పక్కింటావిడ చెప్పిందనో, పెళ్లిచూపులకు ముందు అక్కకు పనిచేసిందనో ఒక ట్యూబు తెస్తారు. చాలా ట్యూబుల్లో ఉండేది బలమైన స్టెరాయిడ్. రెండు వారాల్లో ముఖం తేటపడుతుంది, అందరూ మెచ్చుకుంటారు. తర్వాత చర్మం పలచబడి ఎర్రటి సన్న నరాలు తేలుతాయి. ఎండ తగిలితే మంట, గుంపులు గుంపులుగా మొటిమలు. ఆపైన చెంపల మీద, గడ్డం మీద వెంట్రుకలు. అవును, ఆ క్రీమే వెంట్రుకలు పెంచుతుంది. వాటిని తీయడానికి పార్లరుకు వెళ్తారు, పలచబడ్డ చర్మం మీద వ్యాక్స్ వేస్తారు, తోలు ఊడొస్తుంది. ఆ మచ్చలు పోవడానికి మళ్లీ అదే ట్యూబు. ఈ చక్రంలో పడిన పిల్లల ముఖాలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో చేర్చింది. అయినా అడిగిన వెంటనే తీసిచ్చే దుకాణాలు వీధివీధికీ ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటి ట్యూబు ఉంటే, ఎన్నాళ్లుగా వాడుతున్నారో రాసుకుని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నెలల తరబడి వాడినదాన్ని సొంతంగా ఒక్కసారే ఆపేస్తే ముఖం భగ్గుమంటుంది, ఎలా తగ్గించాలో వాళ్లు చెబుతారు. ఏ కారణం దొరక్కపోతే, మూర్ఛకో మరో జబ్బుకో వాడే మందులవల్ల కూడా వెంట్రుకలు పెరుగుతాయని గుర్తుంచుకుని, వాడే ప్రతి మందూ డాక్టరుకు చెప్పాలి.

సరే, జబ్బు సంగతి తేలింది. వెంట్రుకలు తీయాలా వద్దా?

2024 ఏప్రిల్లో ఉత్తరప్రదేశ్ పదో తరగతి ఫలితాలు వచ్చాయి. లక్షల మంది రాసిన ఆ పరీక్షల్లో 98.5 శాతం మార్కులతో ఒకమ్మాయి రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. ఫొటో పేపర్లలో, ఫోన్లలో వచ్చింది. దేశం మొత్తం ఆ పిల్ల మార్కులు వదిలేసి పై పెదవి మీద వెంట్రుకల గురించి మాట్లాడింది. ఎగతాళి చేసినవాళ్లు ఒకవైపు. జాలిపడి సలహాలిచ్చినవాళ్లు ఇంకోవైపు. ఫొటో చూసే జబ్బు పేరు తేల్చేసినవాళ్లూ ఉన్నారు. నేను చర్మవ్యాధుల డాక్టర్ని, నేనైతే ఫొటో చూసి ఎవరికీ జబ్బు అంటగట్టను. ముందు ఆ పిల్లను అడగాలి. ఆమెకు అది సమస్యా కాదా, తీయించుకోవాలని ఉందా లేదా అన్నది ఆమె చెప్పాల్సిన మాట.

బ్రిటన్లో హర్నామ్ కౌర్ అనే సిక్కు యువతి ఉన్నారు. పీసీఓఎస్ వల్ల చిన్న వయసులోనే గడ్డం మొదలైంది. వ్యాక్సింగులు, షేవింగులు, స్కూల్లో వేధింపులు, అన్నీ పడ్డారు. పదహారేళ్ల వయసులో ఇక తీయనని నిర్ణయించుకుని నిండు గడ్డంతోనే బతుకుతున్నారు, వేధింపులకు వ్యతిరేకంగా మాట్లాడుతున్నారు, గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కారు. ఆమె ధైర్యం ఆమెది. మీ అమ్మాయి ఆమెలా ఉండాలని నేను అనను. మీ అమ్మాయి తీయించుకుంటానంటే ఆత్మవిశ్వాసం లేదని ఉపన్యాసం ఇవ్వకండి. అక్కర్లేదంటే చెయ్యి పట్టుకుని పార్లరుకు లాక్కెళ్లకండి. "ఇలా ఉంటే నిన్నెవరు చేసుకుంటారే" అన్న మాట పదమూడేళ్ల పిల్లతో అనకండి. ఆ మాట ముప్పై ఏళ్లకూ చెవిలోంచి పోదు. పదో తరగతి దాకా ఆగమనడానికి వైద్యపరంగా ఏ కారణమూ లేదు. పిల్ల బాధపడుతోంది, అడుగుతోంది. ఆ అడగడం చాలు.

తీయడం గురించి మన ఇళ్లల్లో ఒక భయం పాతుకుపోయింది. ఒకసారి రేజరు పెడితే మగవాళ్లలా ముతకగా, ఒత్తుగా వస్తుందని. దీన్ని ఎప్పుడో పరీక్షించి చూశారు. 1928లో అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త షేవింగుకూ వెంట్రుకల పెరుగుదలకూ ఉన్న సంబంధాన్ని కొలిచి, గొరిగినందువల్ల వెంట్రుక లావెక్కదని, వేగంగా పెరగదని తేల్చారు. 1970లో ఇంకో పరీక్ష చేశారు. ఐదుగురు మగవాళ్ల చేత నెలల తరబడి ఒక కాలు గొరిగించి, రెండోది వదిలేయించి పోల్చి చూశారు. తేడా లేదు. మరి చేతికి గరుకుగా ఎందుకు తగులుతుంది? వెంట్రుక కొన సహజంగా సన్నగా ఉంటుంది. రేజరు దాన్ని మధ్యలో కోస్తుంది, లావు భాగం పైకి కనిపిస్తుంది. వరి కోతలయ్యాక చేలో చెప్పుల్లేకుండా నడిస్తే కొయ్యకాళ్లు ఎలా గుచ్చుకుంటాయో మీకు తెలుసు. నిన్నటిదాకా గాలికి మెత్తగా ఊగిన దుబ్బులే అవి. కోతవల్ల లావెక్కలేదు, కోసిన చోటు గుచ్చుకుంటోంది. ఇంకొకటి, ఈ వయసులో వెంట్రుకలు ఏమీ చేయకపోయినా ఏడాదికేడాది కాస్త ముదురుతాయి. ఆ నేరం రేజరు మీద పడుతుంది.

అందుకే ఆడపిల్లల ముఖానికి వాడే చిన్న రేజరు చవకైన, భయపడక్కర్లేని పద్ధతి అని నేను ధైర్యంగా చెబుతాను. శుభ్రంగా ముఖం కడుక్కుని, వెంట్రుక పెరిగే దిక్కుగానే మెల్లగా లాగాలి. ఎవరి రేజరు వాళ్లదే, అన్నదీ నాన్నదీ వద్దు. మొటిమ ఉన్న చోట వద్దు.

త్రెడింగ్ మన ఊళ్లన్నిటికీ చేరింది. వెంట్రుక కుదురునుంచి వస్తుంది కాబట్టి మూడు నాలుగు వారాలు ఆగుతుంది. నొప్పి ఉంటుంది, ఒకటి రెండు రోజులు చిన్న పొక్కులు రావచ్చు. దారాన్ని పళ్ల మధ్య పట్టుకుని చేసేవాళ్ల దగ్గర మాత్రం, మెడకు కట్టుకుని చేయమని అడగండి. నోటి తడి తగిలిన దారం మీ పిల్ల చర్మాన్ని తెరుస్తుంది, అంటువ్యాధులు అలా కూడా వస్తాయి. వ్యాక్సింగ్ గురించి ఒక్క హెచ్చరిక చెబుతాను, దయచేసి రాసుకోండి. మొటిమలకు అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటి పూతమందులు గానీ ఐసోట్రెటినాయిన్ మాత్రలు గానీ వాడుతున్న పిల్లకు ముఖం మీద వ్యాక్స్ వేయకూడదు. చర్మం పొరతో సహా ఊడొస్తుంది. బ్లీచ్ వెంట్రుకను తీయదు, రంగు మారుస్తుంది. మన ఛాయ మీద ఆ పసుపు నూగు ఇంకా స్పష్టంగా కనిపించడమూ ఉంది. వెంట్రుకల్ని కరిగించే క్రీములైతే ముఖానికని రాసి ఉన్నదే కొనండి, ముందురోజు చెవి వెనక కొద్దిగా రాసి చూసుకోండి, డబ్బా మీద చెప్పిన నిమిషాలు దాటించకండి.

పసుపు, సున్నిపిండి సంగతి అమ్మమ్మలు అడుగుతారు. చంటిబిడ్డకు పిండిముద్దతో రుద్దితే నూగు పోయింది కదా అంటారు. ఆ నూగు రుద్దకపోయినా కొన్ని వారాల్లో రాలిపోయేదే. సున్నిపిండి ఒంటి జిడ్డు తీస్తుంది, హాయిగా ఉంటుంది, ఆ మురిపెం పోగొట్టుకోమని నేను అనను. కుదురు దాకా వెళ్లి వెంట్రుక పెరగకుండా ఆపే గుణం దానికి లేదు. రోజూ గట్టిగా రుద్దితే చర్మం నల్లబడుతుంది.

లేజర్ మాటకొస్తే, కాలేజీలో చేరేముందు పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. ఆ వెలుగు వెంట్రుకలోని నలుపును వెతుక్కుంటూ వెళ్లి కుదురును కాలుస్తుంది. మన చర్మంలో కూడా నలుపు ఉంది, అందుకే తెలిసిన చేతుల్లో కాకపోతే చర్మమే కాలుతుంది. మన ఛాయకు డయోడ్, ఎన్‌డీ యాగ్ అనే రకాలు మేలు. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి చొప్పున కనీసం ఆరేడుసార్లు వెళ్లాలి. ఆ మధ్యలో త్రెడింగ్, వ్యాక్సింగ్ చేయించుకోకూడదు, కుదురులో వెంట్రుక లేకపోతే వెలుగు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. రేజరు వాడొచ్చు. మెత్తటి నూగు మీద మాత్రం లేజర్ వేయించకండి. సన్నటి వెంట్రుకలు ఉన్నచోట, ముఖ్యంగా ముఖం పక్కల్లోనూ మెడ మీదా, తగ్గడానికి బదులు పెరిగిన పిల్లలు ఉన్నారు. మనలాంటి ఛాయల్లో ఇది ఎక్కువగా చూస్తాం. హార్మోన్ల తేడా ఉండి దానికి వైద్యం జరగకపోతే, ఎంత డబ్బు పోసినా వెంట్రుకలు మళ్లీ వస్తాయి. ప్యాకేజీ డిస్కౌంటు చూసి పదిహేనేళ్ల పిల్లకు డబ్బు కట్టేముందు, నాన్నగారూ, నెలసరి లెక్క చూశారా అని ఇంట్లో అడగండి.

మందుల గురించి. పీసీఓఎస్ ఉన్న పిల్లకు డాక్టరు గర్భనిరోధక మాత్రలు రాస్తే ఇల్లంతా గగ్గోలు పెడతారు. "పెళ్లి కాని పిల్లకు ఇవేం మాత్రలండీ" అని చీటీ చించేసినవాళ్లు ఉన్నారు. అవి అండాశయాల్లో యాండ్రోజెన్ల తయారీని తగ్గిస్తాయి, నెలసరిని గాడిలో పెడతాయి. ఈ జబ్బులో వాటిని రాసేది అందుకే. వాటివల్ల తర్వాత పిల్లలు పుట్టరన్న భయం అక్కర్లేదు. పిల్లకు రక్తం గడ్డకట్టే తత్వం ఉందా, అరచెయ్యి తిమ్మిరెక్కే రకం మైగ్రేన్ తలనొప్పి ఉందా అన్నది చూసి ఇస్తారు, కాబట్టి చీటీ లేకుండా కొనకూడదు. స్పైరోనోలాక్టోన్ అనే మరో మందును కూడా కొందరికి చేరుస్తారు. ఏ మందైనా ఆరు నెలలు ఓపిక పట్టాలి. ముఖం మీద వెంట్రుక పుట్టి, పెరిగి, రాలడానికే నెలలు పడుతుంది, ఇవాళ వేసిన మాత్ర ఇప్పటికే బయటికొచ్చిన వెంట్రుకను ఏమీ చేయలేదు. అందుకే మందు వాడుతూనే రేజరో త్రెడింగో చేసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. పిల్ల బరువు ఎక్కువుంటే ఐదు శాతం తగ్గినా నెలసరి కుదుటపడటం చూస్తాం. సన్నగా ఉన్న పిల్లలకూ పీసీఓఎస్ వస్తుంది, వాళ్లను అన్నం మాన్పించకండి.

అన్నదమ్ములకు చెప్పాల్సిన మాట మిగిలింది. మీకు పదిహేనేళ్లకు నూగు మీసం వస్తే ఇంట్లో మురిసిపోతారు. అదే మార్పు చెల్లెలికి వస్తే "ఏంటే, నాకంటే నీకే బాగున్నాయి మీసాలు" అంటారు. ఆ తర్వాత ఆ పిల్ల మూడు రోజులు అన్నం సరిగ్గా తినకపోతే ఎందుకో మీకు తట్టదు. క్లాసులో మీ స్నేహితుడు ఇంకో అమ్మాయిని అలా అంటుంటే, మీరు ఆపితే ఆగుతాడు. టీచరు చెబితే ఆ పూటకే ఆగుతాడు. ఆ మాటలు పడలేక బడి మానేస్తానంటున్న పిల్ల ఉంటే, బతుకు మీద విసుగు మాటలు మాట్లాడుతుంటే, 14416 నంబరుకు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ. తెలుగులో మాట్లాడతారు, రాత్రి పగలు ఎప్పుడైనా.

డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు ఏం తేవాలో కూడా చెప్పి ముగిస్తాను. ఊళ్లో ఉన్న పీహెచ్‌సీతో మొదలుపెట్టండి. పదేళ్లనుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల కోసం 2014 నుంచి రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం నడుస్తోంది, ఆశా కార్యకర్తను అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. హైదరాబాద్ ఉస్మానియా, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. వచ్చే ముందు కొన్ని వారాలు వ్యాక్సింగ్, త్రెడింగ్ ఆపండి. 1961లో ఫెరిమన్, గాల్వే అనే ఇద్దరు ఇచ్చిన కొలమానం ఆధారంగా, ఒంటి మీద తొమ్మిది చోట్ల వెంట్రుకలు చూసి ఒక్కో చోటికి సున్నా నుంచి నాలుగు దాకా అంకె వేస్తాం. మొత్తం 36కి ఎంత వచ్చిందో చూస్తాం. అన్నీ తీయించుకుని వస్తే మాకు వేయడానికి అంకె ఉండదు. పిల్ల అలా రాలేనంటే బలవంతపెట్టకండి, ఫోనులో ముందే ఒక ఫొటో తీసి ఉంచండి. క్యాలెండరు కాగితాలు తీసుకురండి. వాడిన ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, ఒక సంచిలో వేసుకురండి.

గదిలోకి వచ్చాక డాక్టరు అడిగిన ప్రశ్నకు మీ అమ్మాయినే జవాబు చెప్పనివ్వండి. కాసేపు మమ్మల్నిద్దర్నీ మాట్లాడుకోనిచ్చి మీరు బయట బల్ల మీద కూర్చోండి. మీ ముందు చెప్పలేని ఒకటి రెండు సంగతులు ఆ పిల్లకు ఉంటాయి, వైద్యానికి అవి కావాలి.